సెల్లార్ల కొర్రమీను

అపార్ట్‌మెంట్ పేరు చెప్ప, పైసలింకా రాలే.
నిజాంపేట్ దిక్కు అనుకోండ్రి.
మూడు దినాలు ముసురు వట్టి
నాలుగో పొద్దు సెక్రెటరీ సారు ఫోన్ జేసిండు:
"ఐలేశూ, సెల్లార్ల నడుముల మట్టం నీళ్లు,
పెద్ద మోటరు తీస్కరా,
పొద్దుమూకేసరికి నేల కనవడాలె."

ఎనిమిదింటికి డీజిల్ వోసి తాడు గుంజిన.
నీళ్ల మీద ఒక హెల్మెట్, ఒంటి చెప్పు,
దసరాకు కొన్న కొత్త కారు,
ముంగట కట్టిన నిమ్మకాయతో సహా మునిగింది.

పగటీలి దాటినంక
నీళ్లు మోకాళ్లకు దిగినంక
బి-పద్నాలుగు కాడ, పిల్లర్ ఎన్క, ఎర్రగ ఏందో కదిలింది.
ఎవరి పూజల కుంకుమనో అనుకున్న.
కుంకుమ కదుల్తదా?
ముద్దగైతది, ఇడివోతది, మళ్ల ముద్దగైతది.
టార్చి గొట్టిన.
పిల్లలు.
ఆవగింజంత కండ్లేసుకొని వేల పిల్లలు.
వాటి కింద, నల్లగ, నా మోచెయ్యంత

కొర్రమీను.

ఓ పారి పైకొచ్చి గాలి మింగి వోయింది,
మా నాయిన కల్లు దాగినట్టు, గుటుక్కున.

నాయినకు ఫోన్ గొట్టిన.
ఆయన పెట్టెల సంఘం కార్డు ఇంక ఉన్నది.
కార్డు మీద కుంట పేరున్నది.
కుంట లేదు, దాని పేరు బస్టాపు కాడ బోర్డుకున్నది.
"నాలా పొంగి యాడికెల్లో వచ్చినట్టుందే" అన్న.
నాయిన నవ్విండు, దగ్గిండో.
"వచ్చుడేందిరా. అది యాడికి వోయిందని?
ఎండకాలం బురదల తలకాయ దాక కప్పుకొని పంటది,
అప్పు దెచ్చుకున్నట్టు ఊపిరి తీస్తది,
వాన సప్పుడిని లేస్తది."
పద్నాలుగేండ్లాయె సిమెంటు వోసి, అన్న.
ఆ ముచ్చట ఇననట్టే
"పిల్లలున్నదాన్ని పట్టద్దు, ఎర్కేనా.
ఒకటి కాస్తుందంటే రెండోది గూడ ఉంటది, సూస్కో.
ఎంత పొడుగున్నది?"

రాంనగర్ల కిలో ధర ఎంతో
నేనూ లెక్కేసిన, అబద్ధమెందుకు.

ఫుట్‌వాల్వుల చెత్త ఇరికిందని సారుకు జెప్పి
మోటరు బంద్ వెట్టిన.
వాచ్‌మన్ పెండ్లాం నర్సవ్వ దోమతెర తెచ్చింది.
అటు కొస ఆమె, ఇటు కొస నేను,
కార్ల నడుమ మోకాళ్ల మీద.
పిల్లల కింద చెయ్యి వెడితే
మణికట్టు కాడ కొరికింది. పండ్ల అచ్చు ఇంకా ఉన్నది.
ఎర్రముద్ద మొత్తం డ్రమ్ములకు వోయినంక
అది తనంతట తానే తెరలకొచ్చింది.
పట్టింది నేను గాదు.

రెండోదాని కోసం పిల్లర్ పిల్లర్ దేవులాడిన.
లేదు.
మళ్ల తాడు గుంజిన.
ఏడింటికి నేల కనవడ్డది. బురద, ఒంటి చెప్పు, నిమ్మకాయ.
గేటు బయట పైపు మూతి దిక్కు
నేను సూడలే.

ట్రాలీ ఆటోల డ్రమ్ము, నా ఒళ్లె దాని మూత.
అవతలి చెరువు
సగం గుర్రపుడెక్క, సగం నురుగు,
అంతకన్న మంచిది నాకు తెల్వదు.
డెక్క పక్కకు నూకి మెల్లగ వంచిన.
ఎర్రముద్ద ఇడివోయింది.
మళ్ల ముద్దయిందో లేదో
చీకట్ల కనవడలే.

మోటరు నడిచింది తొమ్మిది గంటలు, ఉత్తగున్నది రెండు.
బిల్లు తొమ్మిదింటికే రాసిన.
రెండు గంటలు ఎవరి పేరున రాయాలె?

రాత్రి పదకొండింటికి నాయిన ఫోన్.
ఇడిసినవా అనలే, బతుకుతయా అనలే.
"ఎంత పొడుగున్నదంటివిరా?"
చెయ్యి సాపి సూస్కున్న,
మణికట్టు మంట వెడుతుంది.
భుజం దాక, అన్న.