ఇతరములు

కొండ మీది గుడారాల నుంచి
మూడు గోనెసంచుల్లో వచ్చాయి జనం దిగుళ్ళు.
మూతి విప్పగానే బొగ్గు వాసన.
ఉలాన్‌బాతర్‌లో జనవరి అంటే అంతే,
కాగితం కూడా దగ్గుతుంది.

నా పని చిన్నది.
చదవాలి, గడిలో పడెయ్యాలి.
గడులు పదకొండు.
రోడ్లు, పొగ, కొలువులు, బడులు, ఇలా పోయి పోయి
చిట్టచివర బూడిదరంగులో
ఇతరములు.

"స్టాపులో ఒక్కరే ఉంటే బస్సు ఆపడం లేదు.
నేను ఒక్కదాన్నే.
దులంజావ్, డెబ్బై ఒకటి."

రవాణాలో వెయ్యబోయాను.
పక్కసీటు గంతుల్గ నా చెయ్యి ఆపాడు:
రవాణా అంటే కిలోమీటర్లు, టన్నుల తారు.
ముసలమ్మ ఎన్ని కిలోమీటర్లు?

ఇతరములు.

"బొగ్గు బండి గురువారం వస్తుంది.
గురువారమే నాకు ఆస్పత్రిలో రక్తం శుద్ధిచేసే రోజు.
బస్తాలు ఎవరు దించుకోవాలి?"
ఇది పొగా? ఆరోగ్యమా? గురువారమా?
గురువారానికి మంత్రి లేడు.

ఇంకొకరు ఏమీ రాయలేదు.
మసి బొటనవేలి ముద్ర ఒకటి,
సరిగ్గా రెండు గడుల మధ్య గీత మీద.
చాలాసేపు చూశాను.
ఎటు జరిపినా అబద్ధమే.

అడగందే అమ్మయినా పెట్టదంటారు.
అడిగారు కదా వీళ్ళు!
మంచులో నిలబడి, చేతితొడుగు పళ్ళతో లాగి,
గడ్డకట్టిన పెన్నును చంకలో వెచ్చబెట్టుకుని అడిగారు.
ఏ గడిలో అడగాలో తెలియకపోవడం
ఒక్కటే వాళ్ళ తప్పు.

నెలాఖరు సమావేశం.
పొడవాటి బల్ల, పాలు కలిపిన ఉప్పు టీ,
గోడ మీద రంగుల పటం.
మొదటి ప్రాధాన్యం రోడ్లు, ఇరవై రెండు శాతం.
రెండోది పొగ, ఇరవై.
బూడిదరంగు ముక్క ముప్ఫై ఒకటి.
అన్నిటికంటే పెద్దది, అన్నిటికంటే కింద.

"అది శాఖ కాదమ్మా," అన్నారు బదాంసురెన్ గారు,
మెత్తగానే.
చెడ్డమనిషి కాదు, ఆయన మనవడికీ ఉబ్బసమే.
"దానికి పద్దు లేదు. పద్దు లేనిదానికి
డబ్బు ఎక్కడ పోస్తాం?"

జేబులోంచి చీటీ తీసి చదివాను, గొంతు కాస్త వణికింది:
ఇతరముల్లో సగానికి పైగా ఒకే మాట ఉందండీ.
ఎదురుచూపు.
బస్సు కోసం, డాక్టరు కోసం,
కరెంటు వచ్చే వేళ కోసం,
నీళ్ళ కొట్టు తాళం తీసే మనిషి కోసం.

ఎదురుచూపు ఏ శాఖ కిందికి వస్తుందని
ఎవరో అడిగారు.
నవ్వారు. నేనూ నవ్వాను.
ఆ నవ్వు ఇంటిదాకా నా వెనకే నడిచింది.

ఏదీ జరగలేదని కాదు.
మార్చిలో డ్రైవర్లకు ఒక సర్క్యులర్ వెళ్ళింది,
ఒకే ఒక్క వాక్యం:
ఒక్కరున్నా ఆపవలెను.
ఎవరు టైపు చేశారో, ఏ సంతకాల కట్టలో
ఎవరు దాన్ని మధ్యన దూర్చారో
అడిగితే, తెలియదనే చెప్తాను.

ఈ ఏడాది కొత్త ఫారాలు అచ్చయ్యాయి.
పటం శుభ్రంగా కనబడాలని
ఇతరములు తీసేశారు.
పది గడులు. నూటికి నూరు.

గోనెసంచులు నిన్న వచ్చాయి.
అదే బొగ్గు వాసన.
చాలా కాగితాల్లో గడులు ఖాళీ.
రాతంతా అంచుల్లోనే,
గీతల బయట, మూల దగ్గర మలుపు తిరిగి,
చోటు చాలక మళ్ళీ తిరిగి,
మొదలైన చోటికే వచ్చి ఆగింది.

వాటిని చదవాలంటే
కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని
నెమ్మదిగా చుట్టూ తిప్పాలి,
పొగలో ఒక్క మనిషిని చూసి
బస్సును పక్కకు తీసే డ్రైవరు
స్టీరింగు తిప్పినట్టు.

తిప్పుతున్నాను.