నల్లంచు

గ్రిమ్స్‌బీలో ఆ వారమంతా వాన లేదు, పొగమంచే.
పాత ఐసు ఫ్యాక్టరీ ఎదుట,
చేపల వేపుడు కొట్టు మీది అద్దె గదిలో
మూడో రోజూ నా సముద్రం నల్లగానే వచ్చింది.

అన్నిటికంటే కింది లేయర్ సముద్రం. దాని మీద పొగమంచు.
పొగమంచు మీద మనిషి:
ఉన్ని టోపీ, వారం నాటి గడ్డం,
నలుపు తెలుపు ఫోటోకి
చెల్లెలు చెప్పిన గుర్తును బట్టి నేనద్దిన ఎరుపు.
అతని చుట్టూ ఉండాల్సింది ఏమీ లేకపోవడం.
ఉన్నది తారు.

కన్ను గుర్తు మూశాను, తెరిచాను.
ఒపాసిటీ తగ్గిస్తే మనిషీ తగ్గిపోయాడు,
చీకటితో సరిసమానంగా,
అప్పు పంచుకున్న అన్నదమ్ముల్లా.
మాస్కు తిరగేశాను.
మనిషి పోయి మనిషంత కన్నం మిగిలింది.
అందులోంచి మాత్రం సముద్రం బ్రహ్మాండంగా కనిపించింది.

క్రెయిగ్ చిప్స్ నములుతూ వచ్చి
"ఏ ఫార్మాట్‌లో తీశావ్?" అన్నాడు.
చెప్పాను.
"దానికి ఆల్ఫా మోసే సంచే లేదుగా," అని
వేళ్ళు నాక్కుంటూ వెళ్ళిపోయాడు.

మూడు రోజులు!
మూడరల పెట్టెలో నాలుగోదాన్ని కుక్కి పంపి
దారిలో పారేశారని ఏడ్చాను.
ఎరుపుకో అర, పచ్చకో అర, నీలానికో అర.
ఎక్కడ ఎంత లేదో చెప్పేదానికి
చోటెవరిచ్చారు?

మళ్ళీ రెండర్. నలభై నిమిషాలు. చల్లారిన టీ.
సముద్రం వచ్చింది. మనిషి నిలబడ్డాడు.
కానీ గడ్డం చుట్టూ, టోపీ పోగుల చుట్టూ
వెంట్రుకవాసి నల్లంచు.
చీరకైతే ముచ్చటే.

సాయంత్రం డోరీన్ వచ్చింది, అతని చెల్లెలు.
ఎనభై మూడేళ్ళు, ఇరవై రెండు మెట్లు.
కోటైనా విప్పకుండా తెరకి ముక్కు ఆనించి
"మా క్లైవ్‌కి చావు కార్డు గీత గీశావేం?
బోటు దొరకలేదన్నారు గానీ
మా ఇంటికొచ్చి పోయాడని ఎవరూ చెప్పలేదే," అంది.
నవ్విందో లేదో తెలియలేదు.

ఫైలుని దాని పుట్టుక గురించి అడిగే చిన్న కిటికీ ఒకటుంటుంది.
నీ అంచుల రంగులు ఉన్నవున్నట్టే వచ్చాయా,
ముందే దేనితోనైనా కలిసొచ్చాయా?
నలుపుతో కలిసొచ్చాయి, అని నేనే దాని తరఫున చెప్పి
ఒక్క చుక్క మార్చాను.
హంసని జీతానికి పెట్టుకున్నట్టే,
కలిసినదాన్ని లెక్కలోంచి తీసేసింది యంత్రం.

అంచు పోయింది. దాదాపు.
ఎడమ చెవి కింద మూడు వెంట్రుకలు ఇంకా నల్లగానే.
ఎనిమిది వందల శాతానికి దగ్గరికెళ్ళి బ్రష్ తీశాను.

"అవి వదిలెయ్," అంది డోరీన్.
"ఆ ఫోటో తీసింది నేనే. రేవులో, రాత్రి మూడింటికి.
ఫ్లాష్ అంతవరకే అందింది.
వెనకున్నది చీకటే, నీ పొరపాటు కాదు."

బ్రష్ పెట్టేశాను. ఆ లేయర్‌కి తాళం వేశాను.
పొగమంచు ఎంత ఉంచమంటారని అడిగాను.
ఆవిడ కిటికీ వైపు తిరిగింది.
"ఇవాళ ఎంతుందో అంత."

ఐసు ఫ్యాక్టరీ సగమే కనిపిస్తోంది.
యాభై అని కొట్టాను.
కాసేపు చూసి
నలభై ఎనిమిది చేశాను.