సగం గోడ

వాల్దివియాలో వాన చెప్పి రాదు.
ఆ పిల్ల మాత్రం చెప్పే వచ్చింది.
ఫిబ్రవరి చివర్న ఫోన్లో, గొంతు బాగా తగ్గించి,
"ఆ గది ఖాళీగా ఉందా, సెన్యోరా ఓర్ఫెలీనా?" అని.

ఖాళీగానే ఉంది.
ఉంచానని చెప్పలేదు.
ఇద్దరొచ్చి చూసిపోయారు,
ఒకడు రెండు నెలల అద్దె ముందే ఇస్తానన్నాడు.
కిటికీ సరిగ్గా పడదని అబద్ధమాడి పంపేశాను.

పోయినేడు ఇదే యాస్నా
నా వంటింట్లో పిల్లిలా నడిచేది.
ఆగస్టు వచ్చేసరికి
పొద్దున్నే సంచీ తగిలించుకుని బయల్దేరడం,
వంతెన మొదలు దాకా పోవడం,
పది నిమిషాల్లో తిరిగొచ్చేయడం.
"క్లాసు లేదట."
రోజూ క్లాసు లేని యూనివర్సిటీ ఎక్కడుంటుంది తల్లీ!
నాకు తెలుసు.
నాకు తెలుసని తనకీ తెలుసు.
ఇద్దరం కలిసి ఆ అబద్ధానికి
టీ పోసి, రొట్టె పెట్టి
నాలుగు నెలలు సాకాం.

డిసెంబర్లో మూడు సబ్జెక్టులు పోయాయి.
దీవి నుంచి, కెయ్యోన్ నుంచి, వాళ్ళ నాన్న వచ్చాడు.
సముద్రంలో తాళ్ళు కట్టి ఆల్చిప్పలు పెంచే మనిషి,
అరచేతుల నిండా ఆ తాళ్ళ గాట్లే.
ఒక్క మాట అనలేదు.
మెట్లు దించుతుంటే సూట్‌కేసు చక్రం ఊడిపడితే
వంగి తీసి, తుడిచి, జేబులో వేసుకున్నాడు.

ఇప్పుడా సూట్‌కేసుకి ఒక చక్రం నల్లది,
ఒకటి చెక్కది, చేత్తో చెక్కింది.
వీధి మలుపు నుంచే వినిపించింది,
టక్కు టక్కుమని.

జనవరిలో మంచం జరిపి ఊడుస్తుంటే
గోడ మీద పెన్సిలు గీతలు కనబడ్డాయి.
లెక్కపెట్టాను. అరవై ఒకటి.
వెళ్ళని రోజులో, నిద్రపట్టని రాత్రులో.
అడగలేదు.
సున్నం డబ్బా తెచ్చి మూలన పెట్టి ఊరుకున్నాను.

అదే చూసి యాస్నా,
"వెయ్యొద్దండీ," అంది.
కాసేపాగి, "వెయ్యండి."
మళ్ళీ ఆగి, "ఉండండి, నేనే వేస్తాను."
సాయంత్రానికి సగం గోడ తెల్లగా అయింది.
సున్నం అయిపోయిందంది.
డబ్బాలో అడుగున ఇంకా ఉంది.
చూశాను గానీ మూత పెట్టేశాను.

బజారుకెళ్తే దారి నిండా కొత్త పిల్లలు,
జుట్టుకి పిండీ, మొహాలకి రంగూ,
కాళ్ళకి చెప్పుల్లేకుండా
సీనియర్లు తోలితే చిల్లర అడుక్కుంటున్నారు.
యాస్నా పర్సులో ఉన్నదంతా ఒక బక్క పిల్లాడి దోసిట్లో పోసింది.
"ఈ రోజొక్కటే నేను బాగా నవ్వాను, పోయినేడు," అంది నాతో.
"కాలిక్యులస్‌లో ఈసారి వీళ్ళ పక్కనే కూర్చోవాలి."

పడ్డవాళ్ళు చెడ్డవాళ్ళు కారని అందామనుకున్నాను.
నాలిక చివరి దాకా వచ్చింది.
పడిన మనిషికి సామెత కడుపు నింపుతుందా?
ఇంటికొచ్చి
ఉల్లిపాయ కోసి గుడ్లు వేయించాను.

సోమవారం, ఎనిమిదీ పదికి క్లాసు.
ఏడున్నరకే వెళ్ళిపోయింది.
నేను కప్పులు కడుగుతున్నాను.
పది నిమిషాలు అయిందో లేదో
తలుపు చప్పుడు.

చేతిలో కప్పు చేతిలోనే ఆగిపోయింది.
వెనక్కి తిరగలేదు.
చేపల బజారు దగ్గర నీటిసింహాలు
పోట్లాడుకుంటున్నట్టు అరుస్తున్నాయి.
కుళాయి కట్టలేదు.
ఏ మాట వినాల్సొస్తుందోనని
నీళ్ళ చప్పుడు వెనక దాక్కున్నాను.

"గొడుగు," అంది యాస్నా.

తలుపు వెనక మేకుకున్నది లాక్కుని
పరుగే.
తలుపు కూడా సరిగ్గా వేయలేదు.
వాన గడప దాటి
వంటింటి దాకా వచ్చేసింది.

చాలాసేపు తుడవలేదు నేను.