పదికి ఎంత

మా జిమ్ము ఒకప్పుడు కురిడీ గోదాం.
తలుపు తీస్తే ఇప్పటికీ
ఇనుము కంటే ముందు కొబ్బరి వాసనే ఎదురొస్తుంది.
అంబాజీపేటలో అది వదలదు, సున్నానికీ వదలదు.
వెనక గోడ మీద ఎవరో గుమస్తా బొగ్గుతో గీసిన లెక్కలు:
నాలుగు నిలువు గీతలు, వాటి మీద ఒక అడ్డగీత.
గోడలన్నిటికీ రంగు వేయించాను గానీ
అక్కడ ఆపించాను.

నా పుస్తకంలో మూడు గళ్ళు.
బరువెంత. ఎన్నిసార్లు. ఎంత కష్టం.
మొదటి రెండూ చూసి రాసుకుంటాను.
మూడోది అడగాల్సిందే.
"పదికి ఎంత?"
పదంటే, ఇంక ఒక్కటి కూడా లేవదని.
తొమ్మిదంటే ఒకటి మిగిలిందని.
ఎనిమిదంటే రెండు. చిన్నపిల్లల తీసివేత.

తీసివేతే గానీ, ఏ ఇద్దరికీ ఒకలా రాదు.
హిమజ కానిస్టేబులు సెలక్షన్ల కోసం వస్తుంది,
ఖాళీ రాడ్డుకే తొమ్మిదంటుంది,
అని, ఇంకో ఆరు లేపుతుంది.
బ్యాంకులో రిటైరైన కామేశం గారు ఆరున్నర అంటారు.
అర ఎక్కడిదండీ అంటే
పైసలు వదిలేయకూడదయ్యా అంటారు.
రాజమండ్రిలో నాకు నేర్పినాయన
మాట వినకు, మొహం చూడు అన్నాడు:
రాడ్డు నెమ్మదించిందా, మోకాలు లోపలికి వంగిందా,
ఊపిరి పళ్ళ మధ్య ఈల వేసిందా.

ఇక నేలపూడి ఇశ్రాయేలు.
పొద్దున్నుంచి గునపం మీద వెయ్యి కాయలు ఒలిచి,
లారీ వస్తే బస్తాలు కూడా ఎత్తి,
కాలవలో మునిగి, తడి తలతో వస్తాడు.
నడుం నిలవాలంటే బరువులెత్తమన్నాడట డాక్టరు.
విని, మార్కెట్టు మార్కెట్టంతా
మూడు రోజులు నవ్విందట.

అరవై కిలోలు. "ఆయ్, ఏడండి."
ఎనభై. "ఏడండి."
నూట పది.
మెడ నరం మోకులా లేచింది,
రాడ్డు మోకాళ్ళ దగ్గర ఆగి,
ఆలోచించుకుని, లేచింది.
దింపి, తువ్వాలు వెతుక్కుంటూ
"ఏడేనండి."

చిరాకేసింది.
"ఇలాగైతే ఈ పుస్తకం ఎందుకు ఇశ్రాయేలూ,
నేను చూశాగా, అది తొమ్మిదిన్నర."
(నాకూ అర అంటుకుంది.)
బెంచీ మీద కూర్చుని
అరచేతిలో దిగిన పీచు లాక్కుంటూ అన్నాడు:
"మీ లెక్క ఈ పూటకండి.
నాకు తెల్లారి నాలుగింటికి లారీ ఉందండి.
ఆ మూడూ దానివండి.
నావి కానివి నేనెలా ఖర్చు పెడతానండీ?"

ఆ రాత్రి షట్టరు సగం దించి పుస్తకం తిరగేశాను.
ఏడు, ఏడు, ఏడు.
నాకు పది తెలుసు.
పోటీల్లో నూట ఎనభై కిలోలకి కళ్ళు చీకట్లు కమ్మి
అక్కడే కూలబడి,
మర్నాడు మధ్యాహ్నం దాకా పడుకున్నాను.
మర్నాడు మధ్యాహ్నం దాకా.
తలెత్తితే గోడ మీద గుమస్తా గీతలు.
బస్తాకో గీత.
మూడో గడి లేదు.

భాద్రపదం ముసుర్లో ఒక సోమవారం.
కాయ ధర పడిపోయి కొనుగోళ్ళు ఆగిన వారం.
లారీ లేదు, ఒలుపు లేదు,
ఒళ్ళు అలిసే పనే లేదు.
అయినా వచ్చాడు.
సులువుగా మొదలెడదామని యాభై పెట్టాను.
మూడుసార్లు లేపాడు.
నాలుగోసారి వంగి, రాడ్డు పట్టుకుని,
అలాగే వదిలేశాడు.
"పదికి ఎంత?"
రేకుల మీద వాన.
"ఆయ్," అన్నాడు.
చాలాసేపటికి,
"తొమ్మిదండి."

మూడో గడిలో రాశాను.
ఏమైందని అడగలేదు.
చెరో పక్కా నిలబడి
ఒక్కో బిళ్ళా తీసి గోడకి ఆనించాం,
చప్పుడు కాకుండా.