చెప్పులాయన నంబరు

చుట్టుగుంట అవతల కోల్డ్ స్టోరేజీ.
ఆఫీసు గదిలో బల్ల కింద సర్వరు.
మొదటి కమాండు కొట్టకముందే
నాలుగు తుమ్ములు.
"రెండ్రోజులు పోతే అలవాటైపోద్దమ్మా"
అన్నారు గుమాస్తా పున్నారావు గారు.

నల్లతెర మీద ప్యాకేజీలు దిగుతున్నాయి,
బయట లారీలోంచి టిక్కీలు దిగుతున్నట్టే
ఒకదాని మీద ఇంకొకటి.
డెబ్బై రెండు శాతం దగ్గర కరెంటు పోయింది.
జనరేటరు దగ్గి దగ్గి అందుకుంది.
మళ్ళీ మొదట్నుంచి.

రాత్రి పదకొండుకి పోస్ట్‌గ్రెస్ లేచి కూర్చుంది.
పట్టికలు గీశాను: రైతు, సరుకు, గది, అద్దె.
ఒకదాని అంకె ఇంకోదాని నడుముకి కట్టాను.
ఎర్రబట్ట అట్ట ఖాతాపుస్తకం ఒళ్ళో పెట్టుకుని
ఆయన చదువుతున్నారు, నేను ఎక్కిస్తున్నాను.

షేక్ జానీ, తండ్రి సైదా, ఫిరంగిపురం.
షేక్ జానీ, తండ్రి సైదా, ఫిరంగిపురం.

ఒప్పుకోలేదు.
ఉన్నవాణ్ణే మళ్ళీ తెచ్చావంటుంది.
నేను పెట్టిన షరతే
నాకు అడ్డం తిరిగింది.

"ఒకడు కాదమ్మా, ఇద్దరు.
ఒకాయన సంచి మూతి ఎడమకి మెలేస్తాడు.
ఇంకొకాయన, బాకీ ఉన్న ఏడాది మాత్రం
చెప్పులు గుమ్మం బయట విప్పొస్తాడు."

దీనికి ఏ గడి గియ్యను?
ఎన్ని అక్షరాల వెడల్పు?

షరతు తీసేశాను.
నాలుగొందల పదిహేడు. నాలుగొందల పద్దెనిమిది.
ఈసారి కిక్కురుమనలేదు.

పున్నారావు గారు రెండంకెలూ
పుస్తకం అంచున పెన్సిలుతో రాసుకుని
కళ్ళజోడు పైనుంచి చూశారు.
"ఇందులో చెప్పులాయన ఎవరమ్మా?"

నాకు మళ్ళీ తుమ్మొచ్చింది.