మూడో గడియారం

నా బొటనవేలి మీద ఒక తప్పున్నది.
డెబ్బయ్యారు, డిసెంబరు, సుబేదారి గ్రౌండు,
వంద మీటర్ల ఫైనలు.

ఆఖరు గీత కాడ మెట్ల బల్ల, దానిమీద ముగ్గురం.
పైన బాలశౌరి సారు, కాజీపేటల గూడ్సు గార్డు,
ఇంట్ల అన్నం గూడ రైల్వే టైముకే తింటడంటరు.
నడిమిట్ల నర్సంపేట డ్రిల్లు మాష్టరు.
కింద నేను, మొదటిపారి.
అరచేతిల గడియారం కోడిపిల్ల తీరు కొట్టుకుంటాంది.

పొద్దుగాల చాయి తాగుకుంట సారు చెప్పిండు:
పన్నెండుల, స్టాక్‌హోముల, పది పాయింటు ఆరు.
రాసి పెట్టుకున్న లెక్క అక్కడ షురువట.
అప్పుడు కాళ్ళకు దిమ్మెలు లేవు,
తాపీ తెచ్చుకొని ఎవని గుంత వాడే తవ్వుకునేది
మక్కలు పెట్టేటోని లెక్క.
ముప్పయ్యారుల పది రెండు.
ఇరువై ఏండ్లు దాన్ని ఎవ్వడు దాటలే,
నడుమ యుద్ధమొచ్చి
ఉరికే కాళ్ళు ఇంకో దిక్కు ఉరికినయి.
అరవైల సాఫుగ పది.
ఇగ మెక్సికోల గాలి పలుచన, గడియారం కరెంటుది,
తొమ్మిది పాయింటు తొమ్మిది అయిదు.
"వచ్చే ఏడు సంది రికార్డుకు మన వేళ్ళు చెల్లయట"
అని చాయి గిలాస కింద పెట్టి
తన వేలు తనే చూసుకున్నడు.

నాలుగో లైన్ల ఓదేలు, గోదావరిఖని పోరడు.
నాయినది ఎనిమిదో ఇంక్లైన్ల బొగ్గు పని.
బూడిద పోసిన బాట మీద ఉరుకుడు నేర్చిండు.
అరువు స్పైకులు, ముందట దూది కుక్కినయి.

పొగను చూసి నొక్కాలె, సప్పుడు విని కాదు,
సప్పుడు ఆలస్యంగ వస్తది.
పొగకే నొక్కిన. ఆడిదాంక బరాబరే.

ముప్పై మీటర్లకు తల లేపిండు ఓదేలు.
ఉరుకుతున్నట్టు లేడు,
నేలనే ఎవలో వెనుకకు గుంజుతున్నరు.
మొఖం నిమ్మళంగ,
షిఫ్టు దిగి పైకొచ్చినోడు ఎండను చూసినట్టు.
ఛాతికి తగిలి నూలుపోగు తెగింది.
నేను చూస్తనే ఉన్న.
ముల్లు తిరుగుతనే ఉన్నది.

సారు గడియారంల పది అయిదు.
మాష్టరుదాంట్ల పది ఏడు.
మూడుంటే నడిమిది తీసుకోవాలె,
రెండే ఉంటే ఆలస్యమైనది. కానూను గంతే.
జిల్లా రికార్డు పది ఆరు.
పది ఏడు అని రాసింది నా పెన్సిలే.

ఓదేలు ఏమనలే.
స్పైకులు ఇప్పి, దూది తీసి,
మళ్ళ అక్కరకొస్తదని జేబుల పెట్టుకొని
అయిదింటి ప్యాసింజరుకు పోయిండు.
నేనన్న అడగలే. ఎన్నడూ అడగలే.
ఆ రాత్రి రుమాలు మూట ఇప్పితే
నా గడియారం ఇంకా ఉరుకుతాంది.
ఆపబుద్ధి కాలే.

తర్వాత లోకంల శానా అయినయి.
సియోలుల రాసిన అంకెను మూడు దినాలకే తుడిచిండ్రు.
బెర్లినుల తొమ్మిది యాభై ఎనిమిది పడ్డనాడు
పేపరు అంచు మీద తీసివేత లెక్క చేసిన:
తొంభై ఏడేండ్లకు
మనిషి మిగుల్చుకున్నది ఒక సెకను,
పైన రెండు చిల్లర పైసలు.
నేను పోగొట్టింది ఎంతనో
ఆ అంచు మీద తేలలే.

కని అంతకు ముందటి రాత్రి సంగతి చెప్పాలె.
ఒంటిగంట దాటింది. టీవీల ఎనిమిది మంది ఒంగి ఉన్నరు.
నా కండ్లు పొగ కోసం దేవులాడినయి, పొగ లేదు.
అండ్ల ఒకడు, పొడుగాయన,
ఆఖరుకు రాకముందే పక్కకు చూసిండు.
గీత మీద ఛాతి పడ్డది.

ఈసారి సరీగ నొక్కిన.

చేతిల ఉన్నది రిమోటు. టీవీ ఆరిపాయె.
చీకట్ల మా సారక్క ఇటు మర్రి,
"ఎవలు ఫస్టు?" అన్నది.

"ఓదేలు" అన్న.