నమూనా నలభై రెండు

పగలంతా నా పని దీన్ని పట్టుకోవడమే.
పసుపు పొడిలో, గోరు చివరంత,
సీసం క్రోమేట్.
నైట్రిక్ ఆమ్లం, ఆపైన అయొడైడు చుక్క.
గొట్టం అడుగున పసుపుకన్నా పసుపుగా దిగితే
"ఫెయిల్" అని రాసి సంతకం పెడతాను.
ఏ ఊరి సరుకో రాయను, కోడ్ నంబరు ఒక్కటే.
పద్నాలుగేళ్ళ సంతకం,
చివరి అక్షరం అరిగిపోయింది.

రాత్రిళ్ళు అదే సీసం క్రోమేట్ కోసం
ఎనిమిది నెలలు బేరమాడాను
హోబర్ట్‌లో డెస్మండ్ అనే ముసలాయనతో.
టాస్మేనియాలో డండస్ అని ఒక చోటు.
అక్కడి తడి మట్టిలో, చీకట్లో,
ఎవరూ కలపకుండా
తమంతట తాము ఎర్రబడిన సూదులు.
పేరు క్రోకోయిట్.
ఫోటో చూసి మా సుగుణకుమారి అంది:
"ఇదేంటే, తేజా కాయల తొడిమలు తీసి
నిలబెట్టినట్టుంది!"

మొదటి ధరకి నేను పలకలేదు.
రెండో ధర చెప్పేసరికి వానలొచ్చాయి.
మూడో ధరకి చీటీ పాడేశాను, నష్టానికే.
ఆ డబ్బుకి గ్రామున్నర బంగారం వచ్చేదని
ఇంట్లో ఇప్పటికీ ఒక లెక్క నడుస్తోంది
సరిగ్గా నాకు వినబడేంత దూరంలో.

కొరియర్ మస్తాన్‌వలీ
అరండల్‌పేటలో మా మూడంతస్తుల మెట్లెక్కి
పెట్టె మీద పగిలిన గ్లాసు బొమ్మ చూపించి అడిగాడు:
"ఏ గ్రహానికమ్మా ఈ రాయి? కుజుడికా?"
"ఈ గ్రహానికే బాబూ."
నవ్వలేదు. ఓటీపీ చెప్పమన్నాడు.

మే నెల. ఫ్యాన్ ఆపాను, కిటికీ మూశాను.
పెట్టెలో పెట్టె, ఆ పెట్టెలో ఇంకో పెట్టె,
అడుగున డెస్మండ్ వంకర రాత:
దీని మీద గట్టిగా ఊపిరి వదలకు.
ముక్కు చివర చెమట వేలాడుతుంటే
పట్టకారుతో దూది, పోగు తర్వాత పోగు.
గంటా పావు.

తుప్పు రంగు రాయి మీద
నలుపలకల సూదులు, కొన్ని లోపల బోలు.
టార్చి వేస్తే వెలుగు లోపలికి పోయి
తిరిగి రావడానికి ఆలోచించుకుంటోంది.
ఇది విషమని నాకు తెలిసినంతగా
ఈ వీధిలో ఎవరికీ తెలియదు.
అయినా నా నోరు తెరుచుకునే ఉంది.

నా చున్నీలో మాత్రం మిర్చి యార్డు ఉంది.
పొద్దున ముప్పై టిక్కీలు కోసి తీసిన ఘాటు.
ఎంత ఆపుకున్నానో.
తుమ్మాను.

ఒక సూది.
చప్పుడు కూడా లేదు.

మూడు విమానాలు, కస్టమ్స్ వాళ్ళ కత్తి,
మంగళగిరి దాటాక గుంతలు,
అన్నీ ఓర్చుకుని వచ్చింది,
గుంటూరు మిరపకాయకి విరిగింది.

ముక్కని గాజు సీసాలో వేసి మూత బిగించాను.
రెండ్రోజులు నా సంచిలో ల్యాబుకీ ఇంటికీ తిరిగింది.
ఆమ్లం అక్కడే ఉంది, అయొడైడు అక్కడే ఉంది.
ల్యాబులో నమూనా అంటే కరిగించేది,
కరిగాక గానీ అది పేరు చెప్పదు.
ఇంట్లో నమూనా బీరువాలో ఉంది,
పట్టుచీరల వెనక,
ఎండ తగిలితే వెలిసిపోతుందని.
ఊరంతా ఎరుపుని ఎండలో పరుచుకుంటుంటే
నేను చీకట్లో ఆరబెట్టుకుంటున్నాను.

సీసా మూత తీయలేదు.

డెస్మండ్‌కి రాశాను, ఒకటి పోయిందని.
"ఒక్కటేనా? తవ్వేటప్పుడు
నా చేతిలో పదకొండు పోయాయి," అన్నాడు.

ఆ రాత్రి నోటుబుక్కు తెరిచాను.
నమూనా నలభై రెండు.
క్రోకోయిట్, డండస్.
స్థితి: ఒక సూది విరిగినది.
కారణం దగ్గర పెన్ను చాలాసేపు ఆగింది.
తేజా, అని రాశాను.